ఎడమకు ఒత్తిగిలి

మూడో గదిలో ఈసారి మంచం కిటికీ పక్కన వేశారు. ఉదయపు ఎండ సరిగ్గా మోకాళ్ల మీద పడుతోంది, కాపడం పెట్టినట్టు హాయిగా ఉంది, పోయినసారి తలుపు దగ్గర వేశారు, వచ్చేపోయేవాళ్లతో ఒకటే గాలి, ఇదే నయం, అనుకుంటూ ఆమె దుప్పటి నడుం దాకా లాక్కుని వెల్లకిలా పడుకుంది. తొమ్మిదింటికి డాక్టర్ల పరీక్షకి మొదటి గంట కొడతారు. ఇంకా అయిదు నిమిషాలుంది. ఇంట్లో అయితే ఈపాటికి మిషను ముందు కూర్చుని స్కూలు చొక్కాలకి కాలర్లు ఎక్కిస్తూ ఉండేది, ఎక్కించినవన్నీ పక్కన తెల్లగా కుప్ప పడేవి. ఇక్కడ పడుకోవడమే పని. పడుకోవడమే పనిగా ఉన్న ఉద్యోగం నీకు తప్ప ఎవరికి దొరుకుతుందే అంటాడు వాళ్లాయన, బోర్డులు రాసే మనిషి, రోజంతా నిచ్చెన మీద నిలబడేవాడికి పడుకున్నవాళ్లని చూస్తే కుళ్లు ఉండదూ. పొద్దున బస్సు ఎక్కిస్తూ కూడా ఊరుకోలేదు. "నీకో బోర్డు రాసి మెడలో వేస్తాను. వినవచ్చు, తాకవచ్చు, జవాబు మాత్రం అడగరాదు," అన్నాడు. పక్క సీటావిడ ఏమనుకుందో ఏమో, కిటికీ వైపు జరిగి కూర్చుంది.

జవాబు అడగరాదు. నిజమే. పంతొమ్మిదేళ్లుగా ఆ జవాబు ఆమె గుండెలోనే ఉంది, మాటవరసకి కాదు, నిజంగా గుండెలోనే. ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం గట్టిపడి ఇరుకైపోయింది. చిన్నప్పుడు కీళ్లనొప్పులతో జ్వరం వచ్చి వారాల తరబడి మంచం పట్టావని అమ్మ చెప్పేది, ఆ జ్వరం కీళ్లని వదిలి గుండెని పట్టుకుందని మాత్రం పెద్ద డాక్టరుగారు చూసేదాకా ఎవరికీ తెలియలేదు. పెద్ద డాక్టరుగారంటే ఈ వార్డుని ముప్ఫై ఏళ్లు ఏలిన మనిషి. బొమ్మ గీసి చెప్పబోయి, ఏం పని చేస్తావమ్మా అని అడిగి, కాగితం పక్కన పెట్టేశారు. "కాజా తెలుసు కదా? కాజాని రెండు కొసల్లోనూ కలిపి కుట్టేశావనుకో, బొత్తాం దూరదు. నీ గుండెలో రక్తానికి వచ్చిన ఇబ్బంది అదే." అంతే, ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. తరవాత ఒకసారి తొడ దగ్గర నుంచి గొట్టం పంపి ఆ కుట్టు కాస్త విప్పారు, పూర్తిగా కాదు, చాలినంత. మిగిలిన ఇరుకు అలాగే ఉంది, దాని చప్పుడూ అలాగే ఉంది, ఆ చప్పుడు కోసమే ఆమెని పిలుస్తారు.

మొదట పిలిచింది పాఠాలకి. పెద్ద పరీక్షకి కూర్చోబోయే డాక్టర్లకి గురువారం మధ్యాహ్నాలు ఆయన రివిజన్ చెప్పేవారు, ఆమె మంచం మీద, వాళ్లు చుట్టూ. ఆయాసం, కారణాలు చెప్పు. గుండె, ఊపిరితిత్తులు, రక్తం తక్కువవడం. కాళ్ల వాపు? గుండె, కిడ్నీ, లివరు. మొదట ఏ పరీక్ష రాస్తావు? ఎవరైనా నోరు తిరగని పేరు ఒకటి బయటికి తీశారో, ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేవారు, అది కోపం. "రోజూ వచ్చే రోగం ముందు చెప్పు నాయనా, ఏడాదికోసారి వచ్చేది తరవాత చెబుదువుగాని." అలా ఎన్ని గురువారాలు. వాళ్లు పాసై వెళ్లిపోయేవారు, కొత్తవాళ్లు వచ్చేవారు, పాఠం అదే, వినగా వినగా ఆమెకి కాలి కింద పెడల్ ఆడుతుంటే నోట్లో అవే వరసలు ఆడేవి, గుండె కిడ్నీ లివరు, గుండె కిడ్నీ లివరు, ఒక చొక్కా చెయ్యి అయిపోయేది. జాకెట్టు కొలతలకి వచ్చిన టీచరమ్మకి ఏడాదిలో మెడ కొలత అంగుళం పెరిగింది, ఒళ్లు చూస్తే పెరగలేదు, పుస్తకంలో పాత కొలత చూపించి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి టీచరుగారూ అంది. కింది ఇంటాయన దగ్గు మూడు వారాలు దాటితే, బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయేమిటి, బరువు తగ్గావా బాబాయ్ అని అడిగి కళ్లె పరీక్షకి తరిమింది. ఆయన ఆరు నెలలు మాత్రలు మింగి ఇప్పుడు ప్యాంట్లన్నీ నడుం దగ్గర వదులు చెయ్యమని ఆమె దగ్గరికే తెస్తున్నాడు. డాక్టరమ్మ కుట్లు కూడా వేస్తుందని వీధిలో జోకు. కానీ పరీక్ష రోజున ఈ గదిలో మాత్రం నోరు మెదపకూడదు. మొదటిసారి ఇక్కడ పడుకోబెట్టినప్పుడే పెద్ద డాక్టరుగారు చెప్పారు, "నువ్వు ఇవాళ పుస్తకానివమ్మా. పుస్తకం తనంతట తాను పేజీ తిప్పుకోకూడదు." ఆయన రిటైరై ఎనిమిదేళ్లయింది. మాట అలాగే ఉంది.

గంట మోగింది. ఎగ్జామినర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, కళ్లద్దాలాయన, మూడేళ్లుగా ఈయనే, మాట తక్కువ, కాలు మీద కాలేసుకుని పై కాలు ఆడిస్తాడు, ఆ కాలు ఆడటం ఆగిందంటే లోపలికొచ్చినవాళ్లు ఏదో తప్పు చెప్పారని అర్థం. మొదటివాడు పొడుగాటి మనిషి, తలుపులోంచి వంగి వచ్చాడు. నాడి పట్టుకున్నాడు, లయ లేని నాడి, రెండు పక్కపక్కన ఒకటి దూరంగా, మంచి పిల్లవాడు, కనిపెట్టాడు, తల ఊపుకున్నాడు. ఎడమ పక్కకి తిరగండి అన్నాడు. ఊపిరి వదిలి ఆపండి అన్నాడు. స్టెతస్కోపు చిన్న గిన్నె వైపు ఆనించి విన్నాడు. ఆ చప్పుడు వెల్లకిలా పడుకుంటే చాలామందికి దొరకదు, ఎడమకి ఒత్తిగిలితే గుండె పక్కటెముకల దగ్గరికి జారి చెవిలోకి వస్తుంది. ఒకసారి పెద్ద డాక్టరుగారు ఆమె చెవులకే పెట్టి వినిపించారు, దూరంగా ఏదో వంతెన మీద లారీ పోతున్నట్టు ఉంది, పోతూనే ఉంది, ఇంత బరువు మోసుకు తిరుగుతున్నానా నేను అనుకుంది అప్పుడు. పొడుగాయన గడగడా ఒప్పజెప్పేశాడు. అన్నీ రైటు. వెళ్లేటప్పుడు థాంక్స్ చెప్పాడు, దుప్పటికి చెప్పినట్టు చెప్పాడు, మొహం చూడలేదు. చూడకపోతేనేం, పాసవుతాడు, వాళ్లమ్మకి ఫోను చేస్తాడు.

రెండోవాడి చేతులు ఐసుముక్కలు. ఎడమకి తిప్పాడు గానీ పెద్ద గిన్నెతో విన్నాడు, విని ఇరుకు కాదు లీకు అన్నాడు. కళ్లద్దాలాయన కాలు ఆగింది. పాపం అనుకుంది కానీ పెద్దగా బాధ కలగలేదు, ఈ కేసు, ఈ కేసు అని నాలుగుసార్లు అన్నాడు, పక్కన మనిషి వింటోందని కూడా లేదు. అయినా ఎందుకో ఈ మధ్య ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండటం లేదు. ఇంటి మెట్లు ముప్ఫై ఆరు, వేసవి దాకా మధ్యలో ఒక్కసారి ఆగేది, ఇప్పుడు మూడుసార్లు. మిషను తొక్కుతుంటే అరగంటకే తొడలు బరువెక్కుతాయి. కవాటం కదా, ఉంటుందిలే అనుకుంది. నెలనెలా ఇక్కడికే వచ్చి రక్తం పలచబడే మాత్రకి వేలు గుచ్చి పరీక్ష చేయించుకుంటుంది, అది సరిగ్గానే ఉంది పొమ్మంటారు. వయసు యాభై ఏడు. కవాటమూ వయసూ కలిస్తే ఆ మాత్రం ఉండదూ. జవాబు తెలిసిన మనిషి కదా, తనకి తను ఇంకో ప్రశ్న వేసుకోలేదు.

మూడోసారి గంట మోగేముందు నర్సు దుప్పటి సర్దుతూ చెవిలో అంది, "ఇప్పుడొచ్చే అమ్మాయికి ఇది మూడో అటెంప్ట్ అక్కా. ఇందాక బయట కూర్చుని పుస్తకం తిరగేసి పట్టుకుని చదువుతోంది." ఆ అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటే మరీ అమ్మాయి కాదు, ముప్ఫై దాటి ఉంటాయి, తెల్లకోటు భుజాల దగ్గర వదులు, రెండు వైపులా అరంగుళం లోపలికి పట్టాలి. స్టెతస్కోపు గిన్నెని అరచేతిలో మూసి పట్టుకుని ఉంది, వేడి చేస్తోందన్నమాట. "అమ్మా, మిమ్మల్ని చూడొచ్చా?" అంది. పంతొమ్మిదేళ్లలో ఇలా అడిగినవాళ్లు వేళ్ల మీద ఉంటారు. ఊఁ అంది ఆమె. నాడి చూస్తుందనుకుంటే ఆ అమ్మాయి చెయ్యి తిరగేసి గోళ్లు చూసింది. ఒక్కొక్క గోరూ బొటనవేలితో తడిమింది. గోళ్లు మధ్యలో గుంటపడి అంచులు లేచాయి, సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు వల్ల అలా అయ్యాయనుకుంటోంది ఆమె, అది ఒక్క వేలికే కదా పెట్టుకునేది, మరి పది గోళ్లూ ఎందుకయ్యాయి, ఆ సంగతి ఇప్పుడే తట్టింది, విచిత్రం. తరవాత కింది కనురెప్ప లాగి చూసింది. అలా చూస్తూనే ఉంది. ఏం చూస్తోంది ఈ పిల్ల, గుండె చూడు తల్లీ, పది నిమిషాలే ఇస్తారు, నాలుగు అయిపోయాయి.

"మెట్లెక్కితే ఆయాసం ఈమధ్య పెరిగిందా అమ్మా?"

"పెరిగిందమ్మా."

"నొప్పులకి మాత్రలేమైనా మీ అంతట మీరే కొనుక్కుని వేసుకుంటున్నారా?"

కాళ్ల దగ్గర ఎండ వేడెక్కింది. మోకాళ్లు. మందుల షాపతను ఇచ్చాడు, ఎర్రవి, రోజుకి రెండు, ఆరు నెలలుగా, ఈ డాక్టర్లకి చెప్పలేదు, చెబితే మానెయ్యమంటారు, మానేస్తే మిషను తొక్కడం కుదరదు. "వేసుకుంటున్నానమ్మా," అంది, స్కూల్లో పట్టుబడినట్టు. మోషన్ నల్లగా, తారులాగా వస్తోందా అని మెల్లిగా, ఎగ్జామినర్‌కి వీపు పెట్టి అడిగింది ఆ అమ్మాయి. ఆమె అవునన్నట్టు రెప్ప వాల్చింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత అడిగింది మాత్రం ఆమె అనుకోని ప్రశ్న.

"తినకూడనివి ఏవైనా తినాలనిపిస్తుందా? సుద్ద, మట్టి, అలాంటివి?"

ఎలా తెలిసింది? వాళ్లాయనకే తెలియదు. గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్ద బిళ్లలు, నీలం రంగువి, తెల్లవి. మొదట అంచు అరిగిందని పళ్లతో కొరికి పదును చేసింది. నాలుక మీద పడ్డ ఆ పొడి, చల్లగా, వాన మొదలైనప్పటి నేల వాసనతో, ఎంత బాగుందో చెప్పలేం. మర్నాడు ఇంకొంచెం. ఇప్పుడు వారానికి ఒక పెట్టె. సుద్ద ఇంత తొందరగా అయిపోతోందేమిటే అని ఆయన అడిగితే, గీతలు ఎక్కువ పడుతున్నాయి, యూనిఫారాల సీజను కదా అంది. ఆయన నమ్మాడు. యాభై ఏడేళ్ల మనిషి చాటుగా సుద్ద తింటోందని ఎవరు మాత్రం అనుకుంటారు, పిచ్చి పడుతోందేమోనని తనే ఒకరోజు భయపడింది, ఇంకో బిళ్ల కొరికింది. గురువారాల పాఠంలో ఈ మాట ఎప్పుడైనా వచ్చిందా? వచ్చే ఉంటుంది. తన గుండె వంతు రాగానే మిగతావి వినడం మానేసేదేమో. "తింటానమ్మా," అంది ఆమె, ఆ మాట బయటికి రాగానే ఛాతీ మీద నుంచి ఏదో దించినట్టయింది, నవ్వొచ్చింది కూడా. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆమె చెయ్యి తన చేతిలోనే ఉంచుకుని, "ఇది చాలామందికి ఉంటుందమ్మా. దొరికింది కదా, తగ్గుతుంది," అంది.

"రెండు నిమిషాలు," అన్నాడు కళ్లద్దాలాయన.

ఆ అమ్మాయి మొహంలో రంగు మారింది. గబగబా స్టెతస్కోపు చెవులకి తగిలించుకుంది, ఒకటి సరిగ్గా పడలేదు, మళ్లీ పెట్టుకుంది. వెల్లకిలాగానే వింటోంది. తిరగమని చెప్పు. చెప్పడం లేదు. గిన్నె ఒకచోట పెట్టి, తీసి, ఇంకోచోట పెట్టి, కనుబొమలు ముడుస్తోంది, దొరకడం లేదు, దొరకదు, లారీ ఎక్కడో దూరంగా పోతోంది, వంతెన కనబడదు. తొందరలో మర్చిపోయింది. ఎందుకు తొందర పడాల్సి వచ్చింది? గోళ్లు చూసినందుకు, రెప్ప లాగినందుకు, తన నల్లటి సిగ్గుమాటా నీలం సుద్దా ఓపిగ్గా విన్నందుకు. వచ్చినవాళ్లంతా గుండె దగ్గరికి తిన్నగా వచ్చి పాసైపోయారు, ఈ పిల్ల మనిషి దగ్గర ఆగినందుకు ఫెయిలవుతుందా? మూడోసారీ? పుస్తకం తనంతట తాను పేజీ తిప్పుకోకూడదు. అవును డాక్టరుగారూ, తెలుసు. కానీ పుస్తకానికి మోకాళ్లనొప్పులు ఉండవు, పుస్తకం సుద్ద తినదు. కళ్లద్దాలాయన ఏదో రాసుకుంటున్నాడు. ఆమె చిన్నగా మూలిగి, అబ్బా అని, దుప్పటితో సహా ఎడమకి ఒత్తిగిలి, ఊపిరి వదిలేసి, ఊరుకుంది.

ఆమె ఛాతీ మీద గిన్నె అక్కడే ఉంది. ఒక క్షణం, రెండు. ఆ అమ్మాయి చప్పున గిన్నె తిరగేసి చిన్న వైపు ఆనించింది, కళ్లు మూసుకుంది. కనుబొమల ముడి విప్పుకుంది. దొరికింది. లారీ వంతెన ఎక్కింది. ఆమె ఇంక ఊపిరి ఆపలేక బుస్సుమని పీల్చుకుంది, సరిగ్గా అప్పుడే గంట మోగింది.

"చెప్పండి," అన్నాడు కళ్లద్దాలాయన.

"ముందుగా రక్తహీనత సార్. ఐరన్ లోపం వల్ల. రక్తం పలచబడే మాత్ర వాడుతూ, దాంతోపాటు సొంతంగా నొప్పి మాత్రలు వేసుకుంటున్నారు, కడుపులోంచి కొద్దికొద్దిగా రక్తం పోతున్నట్టుంది. గోళ్లు చెంచాల్లా ఉన్నాయి."

"నేను గుండె చూడమన్నాను."

"చూశాను సార్. ఎడమ కవాటం ఇరుకు. నాడి లయ తప్పింది. కానీ ఆ చప్పుడు నాకు వెల్లకిలా ఉన్నప్పుడు వినబడలేదు. నేను తిరగమని చెప్పడం మర్చిపోయాను. ఆవిడే తిరిగారు."

అయ్యో పిచ్చిపిల్లా, అది నిన్ను ఎవరు చెప్పమన్నారు! ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. కుర్చీ కిర్రుమంది. పక్క నొప్పిగా ఉంటే తిరిగాను డాక్టరుగారూ అంది, ఎవరూ అడక్కపోయినా.

"మూడేళ్ల నుంచి చూస్తున్నాను, రాని నొప్పి ఇవాళే వచ్చిందామ్మా?" అన్నాడాయన. గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు. మళ్లీ ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "ఏ పరీక్షలు రాస్తారు? మొదట ఎకోనా?"

"కాదు సార్. ఎకో చివర. గుండె సంగతి ఎలాగూ అందరికీ తెలిసే ఉంటుంది. మొదట హిమోగ్లోబిన్, తరవాత ఐరన్ నిల్వలు, మలంలో రక్తం ఉందేమో, ఆపైన ఎండోస్కోపీ. మాత్రలు ఇవాళే ఆపించాలి."

ఆయన లేచాడు. పరీక్ష మధ్యలో ఆయన కుర్చీలోంచి లేవడం ఆమె చూడటం ఇదే మొదలు. మంచం దగ్గరికి వచ్చి, వంగి, తన వేలితో ఆమె కింది రెప్ప లాగాడు. కళ్లద్దాల వెనక కళ్లు ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, లేత గోధుమ రంగు, చుట్టూ నిద్రలేని గీతలు. ఆయనా ఆమెని చూశాడు, ఛాతీని కాదు. "ఎన్నాళ్లుగా ఇలా ఉంది?" అన్నాడు మెల్లిగా, ఆమెతో కాదేమో, తనని తనే అడిగినట్టుంది. తరవాత ఆ అమ్మాయిని వెళ్లమని తల ఊపాడు. ఆ అమ్మాయి తలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది, ఏడవబోతోందో నవ్వబోతోందో తెలియని మొహం, కోటు భుజం జారి ఉంది, అరంగుళం, అరంగుళం చాలు.

"నాలుగో క్యాండిడేట్‌ని రెండో గదికి పంపండి," అని నర్సుకి చెప్పి ఆయన చీటీ పుస్తకం తీశాడు. రాస్తున్నంతసేపూ ఆమె కాళ్లు వేలాడేసి కూర్చుంది. తప్పు చేశాను డాక్టరుగారూ, మీ రూలు తప్పాను, అందామనుకుంది, ఆపుకోలేక వేరేది అడిగింది, ఆ అమ్మాయి పాసైనట్టేనా అని. ఆయన రాస్తూనే, "జవాబు చెప్పకూడదు. మీకు తెలుసు కదా," అన్నాడు. చీటీ చింపి ఇచ్చాడు. పై నుంచి చదివింది. హిమోగ్లోబిన్. ఐరన్ నిల్వలు. మలపరీక్ష. ఎండోస్కోపీ. అన్నిటికంటే కింద, ఎకో. ఆ అమ్మాయి చెప్పిన వరసే, ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. ఆమె చీటీ రెండు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, నవ్వు కనబడకుండా చెప్పుల కోసం వంగింది.

వరండాలో లాబ్ వరకూ గోడ పట్టుకుని నడిచింది, తొందరేముంది. చేతులు కడుక్కున్నట్టు తేలిగ్గా ఉంది మనసు. కడుపులో ఏముందో ఏమో అన్న భయం లేకపోలేదు, ఉంది, కానీ అది ఒక మూల బుద్ధిగా కూర్చుంది. మోకాళ్లకి ఇంకో దారి అడగాలి. వాళ్లాయనకి సుద్ద సంగతి చెప్పాలి, ముందు తిడతాడు, తరవాత నెల రోజులు అదే జోకు. చెప్పనీ. లాబ్ కిటికీ దగ్గర నెరిసిన మీసాలాయన చీటీ అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

"జబ్బు పేరు రాసే చోట ఖాళీగా వదిలేశారేమిటమ్మా. ఏంటి మీ జబ్బు?"

గుండె, కవాటం, లయ తప్పిన నాడి, మొదటి చప్పుడు గట్టిగా, అన్నీ నాలుక చివర దాకా వచ్చి నిలబడ్డాయి. ఆమె వాటిని అక్కడే ఆపేసింది.

"నాకు తెలియదు బాబూ," అంది, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతూ. "అది తెలుసుకుందామనే వచ్చాను."